పిల్లలు అడ్డగించిన వీధి

నెదర్లాండ్స్‌లో ఉంటున్నానంటే చాలు, మన ఊరివాళ్లు సైకిళ్ల సంగతే ఎత్తుతారు. "వాళ్లకది పుట్టుకతో వచ్చిన అలవాటు, మనకెక్కడ కుదురుతుంది!" అంటారు. ఈ మాట నాకు మింగుడు పడదు. భీమిలిలో సమాధులు మిగిల్చి వెళ్లిన డచ్చివాళ్ల దేశమే ఇది. దీని వీధులు ఒకప్పుడు పిల్లల్ని మింగేవి.

సైకిళ్లు ఇక్కడ ముందునుంచీ ఉన్నాయి. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలో డబ్బాడి, ఊళ్లను కార్లకు అప్పగించేశారు. 1971లో ఈ చిన్న దేశపు రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలే. కూతుర్ని అలా పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడు 1972లో పత్రికలో గొంతెత్తాడు. "పిల్లల హత్యలు ఆపండి" అన్న అతని మాటే ఉద్యమానికి పేరయింది. అమ్మానాన్నలు రోడ్డెక్కారు. అదే ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని డె పైప్ పేటలో పిల్లలే వీధికి అడ్డుకట్టి ఆడుకున్నారు. కొందరు కార్లవాళ్లు కోపంతో ఆ అడ్డు పీకేశారు. ఇక్కడ కూడా సైకిలు దారి కొట్లాడి తెచ్చుకున్నదే.

1973 నవంబరులో చమురుకు కటకట వచ్చింది. కొన్ని ఆదివారాలు కార్లు తీయొద్దంది ప్రభుత్వం. ఖాళీ రహదారుల మీద జనం నడిచారు, సైకిళ్లు తొక్కారు. 1976లో, డెల్ఫ్ట్ పట్నంలో మొదలైన పద్ధతి చట్టమైంది: ఇళ్ల మధ్య వీధి నడిచేవాళ్లది, కారు మనిషి నడకతో సమానంగా పోవాలి.

ఇక రోడ్డు కట్టే తీరు చూడండి. చాలాచోట్ల సందు పెద్ద రోడ్డును కలిసే దగ్గర ఫుట్‌పాత్ తెగదు, అదే ఎత్తులో సాగిపోతుంది. కారే దాని మీదికి ఎక్కి దిగాలి. డ్రైవరు మంచివాడా కాడా అన్న ప్రశ్నే లేదు, రోడ్డే అతని కాలు బ్రేకు మీద పెట్టిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మన దగ్గర 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఎంత మంచి పని! కానీ ఆ సైకిలుకు దారేదీ? ఎచ్చెర్ల, రణస్థలం, నరసన్నపేట, టెక్కలి దగ్గర హైవే దాటాల్సిన పిల్ల లారీలకు చేయి చూపించి దాటాలా?

మనుషుల కోసం బళ్లు ఆపడం మనకేమీ కొత్త కాదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ నాడు విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి కోట దాకా బళ్లు ఆగిపోతాయి. లక్షల మంది నడుస్తారు. పైడితల్లి కోసం ఏటా ఆ మంగళవారం మనం చేస్తున్నదే ఇది. మొదట ఒక్క బడి ముందు, గేటు తెరిచే గంట, మూసే గంట బళ్లు ఆపమని అడుగుదాం. గేటు ఎదుట రోడ్డును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపమని కార్పొరేషన్‌కు అర్జీ పెడదాం. అర్జీ మీద సంతకాలు ఆ బడి పిల్లల అమ్మానాన్నలవి కావాలి.