65 డాలర్ల బేస్ గిటార్

ఆ మధ్య సెకండ్ హ్యాండ్‌లో బేస్ గిటార్ ఒకటి కొందామని నెట్‌లో గాలిస్తుంటే ఒక పాత అమ్మకం వివరాలు కంటబడ్డాయి. 2018లో ఈబేలో 23,850 డాలర్లకి పోయిందట. చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. వాల్‌నట్ చెక్క, నాలుగు తీగలు, ఒకే ఒక్క నాబ్. ఫెండర్ కాదు, గిబ్సన్ కాదు, పేరు ఆడియోవాక్స్ 736. ఎవరు చేశార్రా బాబూ దీన్ని అని తవ్వడం మొదలెడితే రెండు వీకెండ్లు అందులోనే పోయాయి :)

బేస్ గిటార్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఇళయరాజా పాటల్లో అడుగునుండి పాటని మోస్తూ పోయే ఆ గంభీరమైన శబ్దం దానిదే. దీన్ని ఎవరు కనిపెట్టారని అడిగితే ఎక్కువమంది ఠక్కున చెప్పే పేరు లియో ఫెండర్. 1951, ప్రెసిషన్ బేస్.

కానీ ఈ 736 పుట్టింది 1936 ప్రాంతంలో, సియాటెల్‌లో. అంటే ఫెండర్ కన్నా దాదాపు పదిహేనేళ్ళు ముందు! చేసినాయన పాల్ టట్‌మార్క్. హవాయి గిటార్ నేర్పే మాస్టారు, పాటగాడు, బ్యాండ్ కూడా నడిపేవాడు. ఆ రోజుల్లో బ్యాండ్‌లో బేస్ అంటే నిలబెడితే మనిషి కన్నా పొడుగుండే డబుల్ బేస్. టట్‌మార్క్ కొడుకు బడ్ చెప్పినదాని ప్రకారం, కచేరీకి మిగతావాళ్ళంతా ఒకే కారులో కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే, బేస్ వాయించేవాడు మాత్రం కారునిండా ఆ వాయిద్యాన్ని కుక్కుకుని ఒంటరిగా పోవాల్సొచ్చేది. ఆ మనిషిని చూసి టట్‌మార్క్‌కి జాలేసింది. అదీ అసలు రిక్వైర్‌మెంట్.

మొదట చెల్లో సైజులో, నిలబెట్టి వాయించే ఎలక్ట్రిక్ బేస్ చేశాడు. 1935లో సియాటెల్ పేపర్లో దాని ఫోటో కూడా పడింది. తర్వాత వచ్చిందే 736. గిటార్‌లా అడ్డంగా పట్టుకోవచ్చు, మెడ మీద మెట్లున్నాయి కాబట్టి వేలు ఎక్కడ నొక్కాలో తడుముకోనక్కర్లేదు, శబ్దం పెంచడానికి కరెంటుంది. ఇప్పటి బేస్‌కి కావలసిన ముఖ్యమైన ఫీచర్లన్నీ మొదటి రిలీజ్‌లోనే ఉన్నాయన్నమాట. ధర సుమారు 65 డాలర్లు, ఆంప్లిఫయర్ వేరే కొనుక్కోవాలి.

మరెందుకు నడవలేదు? అది అమెరికాలో మహామాంద్యం రోజులు. పైగా ఇది ఒక మాస్టారు తన ఊళ్ళో చేసి అమ్ముకునే సరుకు, దేశమంతా డీలర్లు లేరు. అప్పటి స్పీకర్లకి అంత లోతైన స్వరాల్ని గట్టిగా వినిపించే సత్తా కూడా తక్కువే. తన పికప్‌కి పేటెంట్ కోసం ప్రయత్నిస్తే, టెలిఫోన్లో ఉన్న సూత్రమే ఇదీ అని అక్కడా చుక్కెదురైంది. ఫెండర్ వచ్చేసరికి ఫ్యాక్టరీ ఉంది, డీలర్లున్నారు, 1952లో బాస్‌మాన్ అని బేస్ కోసమే ఆంప్లిఫయర్ కూడా తెచ్చాడు. ఆయన టట్‌మార్క్‌ని కాపీ కొట్టాడనడానికి ఆధారమేమీ లేదు. ఆయన గొప్పదనం ఆయనదే.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. 1972లో టట్‌మార్క్ పోయేనాటికి ఈ కథ బయట దాదాపు ఎవరికీ తెలీదు. తర్వాత పీటర్ బ్లెచా అనే సియాటెల్ చరిత్రకారుడు పాత పేపర్లూ, కేటలాగులూ, కొడుకు జ్ఞాపకాలూ అన్నీ జతచేసి దీన్ని వెలికితీశాడు. ఆయన క్యూరేటర్‌గా పనిచేసిన మ్యూజియం మైక్రోసాఫ్ట్ పాల్ అలెన్ 2000లో తెరిచినదే. ఇప్పుడు దాన్ని మోపాప్ అంటున్నారు.

ఆ ఫోటో, ఆ కేటలాగు ఎవరో చెత్తలో పారేసి ఉంటే, ఈబేలో పెట్టిన ఆ బేస్ ఊరూ పేరూ లేని పాత చెక్కముక్క. ఎవరూ వంద డాలర్లు కూడా పెట్టేవారు కాదేమో. మన ఆఫీసుల్లోనూ చూడండి, మొదట రాసినవాడు ఎప్పుడో వెళ్ళిపోతాడు, డెమో ఇచ్చినవాడి పేరే అందరికీ గుర్తుంటుంది. చేసినవాడూ, పదిమందికి చేర్చినవాడూ ఇద్దరూ ముఖ్యమే, కానీ రెండోవాడి పేరు దానంతటదే నిలుస్తుంది. మొదటివాడిది నిలవాలంటే ఎవరో ఒకరు కాగితం దాచాలి. అందుకే మీ ఇంట్లో తాతల నాటి వీణో, హార్మోనియమో ఉంటే, ఎవరు చేశారో పెద్దవాళ్ళని ఈ పండక్కే అడిగి రాసిపెట్టుకోండి.