అంగడికెక్కిన బాల్యం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల అనుభవం

పిల్లలకు వయసుకు మించిన అలంకారాన్నీ హావభావాలనూ అంటగట్టి సరుకు అమ్ముకునే పద్ధతి ప్రకటనల రంగంలో చాలాకాలంగా ఉంది. ఎనిమిదేళ్ల పిల్లను పెద్దవాళ్ల తరహాలో ముస్తాబు చేసి నిలబెట్టే ప్రకటన, సినిమాలో పెద్దలు వేసిన చిందులను పసివాళ్ల చేత వేయించే టీవీ పోటీ, ఒంటి రంగు గురించి చిన్నతనంలోనే బెంగ పుట్టించే క్రీముల ప్రచారం ఈ కోవలోనివే. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలకు ఇవి టీవీ వెంట వచ్చాయి. ఆడపిల్ల బాల్యాన్ని పెద్దల చూపుకు అప్పగించిన జోగిని ఆచారం మాత్రం ఇక్కడ అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఉంది. ఈ రెంటి తీవ్రత ఒకటి కాదు. అయినా రెండు చోట్లా పిల్లకూ బయటి లోకానికీ మధ్య గడప మీద నిలబడి ఉన్నది తల్లిదండ్రులే. ఆ గడప ఎప్పుడు తెరుచుకుంది, ఎలా మూసుకుంది అన్నదే ఈ చరిత్రలో అసలు విషయం.

అంగడి నాటి బాల్యం

కామారెడ్డి, ఎల్లారెడ్డి నిజాం కాలం నుంచి నిజామాబాద్ జిల్లాలో తాలూకాలుగా ఉండేవి. 20వ శతాబ్దం మొదట్లో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లే రైలు మార్గం కామారెడ్డిని పెద్ద బజార్లతో కలిపింది. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక ఈ జిల్లాలో వరి, చెరకు సాగు పెరిగింది. కామారెడ్డి బెల్లం వ్యాపారానికి పేరు పడింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఎల్లారెడ్డి అందులో రెవెన్యూ డివిజన్ కేంద్రం.

ఊళ్లలో కొనుగోలంతా వారం వారం జరిగే అంగడిలోనే. పిల్లలకు బట్టలంటే తల్లి ఎంచిన గుడ్డ, దర్జీ కుట్టిన లాగు, పావడా, జాకెట్టు. బతుకమ్మకో దసరాకో ఒక కొత్త జత వచ్చేది. ఎదిగే పిల్ల కదా అని అంచు లోపలికి మడిచి కుట్టించి, ఏడాది తిరిగాక ఆ మడత విప్పేవారు. అంగడిలో పిల్లల్ని నేరుగా పిలిచేది బుగ్గలమ్మేవాడు, మిఠాయిలమ్మేవాడు మాత్రమే. మిగతా వ్యాపారమంతా పెద్దలతోనే నడిచేది. బేరం తల్లి చేసేది, డబ్బు తండ్రి ఇచ్చేవాడు. పిల్ల ఇష్టం కన్నా ఇంటి అవసరం ముందుండేది. ఈ పద్ధతిలో పేదరికం ఉంది, పిల్లల మాటకు విలువ లేకపోవడమూ ఉంది. అయితే వ్యాపారికీ పసివాడికీ మధ్య పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉండేవారు.

దేవత పేరిట జరిగిన అప్పగింత

ఆ పెద్దమనిషే చేయి వదిలేస్తే ఏమవుతుందో జోగిని ఆచారం చూపింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలను చిన్నతనంలోనే ఎల్లమ్మ, పోచమ్మ వంటి గ్రామదేవతల పేర పెళ్లి చేసి జోగినులుగా మార్చేవారు. ఇదే ఆచారాన్ని రాయలసీమలో కొన్నిచోట్ల బసివి అనీ, చిత్తూరు ప్రాంతంలో మాతమ్మ అనీ పిలిచారు. ఇంట్లో జబ్బు చేసినా, కొడుకులు లేకపోయినా, కరువొచ్చినా దేవతకు మొక్కి పిల్లను ఇచ్చేవారు. మెడలో తాళి పడేనాటికి ఆ పిల్లకు పెళ్లంటే ఏమిటో తెలియదు. ఈడేరాక ఆమె ఊరి పెద్దల అధీనంలోకి పోయేది. జాతరలోనూ శవయాత్ర ముందూ ఆడాల్సి వచ్చేది. ఆమె బిడ్డలకు తండ్రి పేరు ఉండేది కాదు.

తల్లిదండ్రులు దీన్ని పాపమనుకోలేదు, మొక్కు తీర్చడమనుకున్నారు. భూమి లేని కుటుంబం భూస్వామి మాట కాదనలేని స్థితిలో ఉండేది. జోగిని అయిన కూతురు పెళ్లి చేసుకుని వెళ్లిపోదు కనుక ముసలితనంలో తమను చూసుకుంటుందన్న ఆశా ఉండేది. పేదరికం, కులం, భక్తి ముప్పేటగా అల్లుకున్న చోట బాల్యాన్ని కాపాడాల్సిన చేతులే దాన్ని అప్పగించాయి.

ఈ ఆచారాన్ని ఎదిరించిన వాళ్లలో తొలితరం మనిషి భాగ్యరెడ్డి వర్మ. 1906లో హైదరాబాద్‌లో జగన్‌మిత్ర మండలి స్థాపించిన ఆయన, ఆది హిందువుల (ఆయన దళితులకు వాడిన పేరు) ఆడపిల్లలను దేవతలకు వదిలే అలవాటు పోవాలని దళిత వాడల్లోనే ప్రచారం చేశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణకు అది వర్తించలేదు. 1980లలో హేమలతా లవణం, లవణం దంపతుల సంస్కార్ సంస్థ నిజామాబాద్ జిల్లా వర్ని కేంద్రంగా జోగినుల మధ్య పని మొదలుపెట్టింది. కవి గుర్రం జాషువా కూతురైన హేమలత ఊరూరా తిరిగి జోగినులతో, వాళ్ల తల్లులతో కూర్చుని మాట్లాడారు. చెల్లి నిలయం పేరిట వాళ్లకు ఒక నీడ ఏర్పడింది.

1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం వచ్చింది. ఆ తంతు జరిపించినవారికి, అందులో పాల్గొన్నవారికి మూడేళ్ల దాకా జైలు. తల్లిదండ్రులు, సంరక్షకులు, బంధువులే ఆ పని చేస్తే ఐదేళ్ల దాకా. బయటివాళ్ల కన్నా కన్నవారి బాధ్యతే పెద్దదని చట్టం ఈ శిక్షల తేడాతోనే చెప్పింది.

గోడ మీది బొమ్మ, ఇంట్లోని తెర

బాల్యం మీద పడిన రెండో ఒత్తిడి బజారు వైపు నుంచి వచ్చింది. దాని తొలి రూపం సినిమా వాల్‌పోస్టర్. టికెట్ కొన్నవాళ్లే సినిమా చూస్తారు. పోస్టర్‌ను మాత్రం బడికి పోయే ప్రతి పిల్లా పిల్లవాడూ చూడాల్సిందే. పెద్దలకు మాత్రమే అని ముద్రపడిన సినిమా బొమ్మ కూడా బస్టాండు గోడ మీద అందరికీ కనిపించేది. 1974లో హైదరాబాద్‌లో ఏర్పడిన ప్రగతిశీల మహిళా సంఘం వరకట్నంతో పాటు అశ్లీల పోస్టర్ల మీదా ఉద్యమించింది. స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం 1986లో వచ్చింది. అశ్లీల వస్తువులు చిన్నవయసు వారికి అమ్మితే శిక్ష పాత ఇండియన్ పీనల్ కోడ్‌లోనే ఉంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 295వ సెక్షన్ దాన్ని కొనసాగిస్తోంది.

టీవీ ఆ బొమ్మను గోడ మీద నుంచి ఇంట్లోకి తెచ్చింది. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. హైదరాబాద్ కేంద్రం 1977లో తెలుగు ప్రసారాలు ప్రారంభించింది. తొలినాళ్లలో వాడంతటికీ ఒకటో రెండో టీవీలుండేవి. శుక్రవారం సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి వేళకు చుట్టుపక్కల పిల్లలంతా ఆ ఇంటి గడపలో చేరేవారు. పెద్దలూ అక్కడే కూర్చునేవారు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చి, కేబుల్ తీగ ఊళ్లలోకి పాకాక ప్రసారం రోజంతా సాగింది. టీవీ ముందు పిల్లవాడు ఒంటరిగా మిగిలిపోవడం అప్పటి నుంచే మొదలైంది. బిస్కెట్టు, చాక్లెట్టు, సబ్బు, షాంపూ ప్రకటనలు వాడితో నేరుగా మాట్లాడాయి. అంగడిలో మధ్యన నిలబడిన పెద్దమనిషి పక్కకు తప్పుకున్నాడు.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రకటన తమను ఒప్పించడానికి తీసిందన్న సంగతి సరిగా తెలియదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2004లో చెప్పింది. అదే సంస్థ 2007లో ఆడపిల్లలను లైంగిక దృష్టితో చూపించే ధోరణి మీద ప్రత్యేక నివేదిక ఇచ్చింది. తన విలువ తన రూపంలోనే ఉందని నమ్మిన పిల్లకు చదువు మీద ధ్యాస తగ్గుతుందని, తన ఒంటి మీద తనకే సిగ్గు, దిగులు పుడతాయని అందులో వివరించింది. కెనడాలోని క్యూబెక్ 1980 నుంచే పదమూడేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వ్యాపార ప్రకటనలను నిషేధించింది. స్వీడన్ 1991లో టీవీలో పన్నెండేళ్ల లోపు వారికి అలాంటి రక్షణే ఇచ్చింది. బ్రిటన్‌లో రెగ్ బెయిలీ 2011లో ఇచ్చిన నివేదిక తల్లిదండ్రులు తేలిగ్గా ఫిర్యాదు చేసుకునే చోటు ఉండాలని కోరింది. అదే ఏడాది అక్కడ అలాంటి వెబ్‌సైటు ఏర్పడింది.

చప్పట్ల మధ్య పసివాళ్లు

2000 తర్వాత తెలుగు టీవీలో పిల్లల డాన్సు పోటీలు జోరందుకున్నాయి. బడి వార్షికోత్సవాలు వాటినే అనుకరించాయి. పెద్దల శృంగార గీతానికి ఏడేళ్ల పిల్ల అడుగులు వేస్తుంటే ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రులు ఫోన్లలో వీడియో తీసుకోవడం మామూలైంది. పిల్లకు ఆ పాట అర్థం తెలియదు. ఏ కదలికకు చప్పట్లు ఎక్కువ పడ్డాయో మాత్రం తెలుసు. మరుసటిసారి దాన్నే మరింత గట్టిగా చేస్తుంది. పసిమనసుకు ఇలా తర్ఫీదు ఇస్తున్నది ప్రేమగా చూసే కన్నవారే కావడం ఇందులోని విషాదం.

కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2019 జూన్ 18న టీవీ చానళ్లకు ఒక సూచన పంపింది. డాన్సు పోటీల్లో పిల్లలను అసభ్యంగా, వయసుకు తగని రీతిలో చూపవద్దని, సినిమాల్లో పెద్దలు చేసిన నృత్యాలను వాళ్ల చేత చేయించడం లేత మనసులకు హాని అని అందులో పేర్కొంది. బాల కార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు పిల్లలను చిత్రీకరణలో రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదన్నాయి. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తప్పనిసరి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరనే బ్యాంకులో వేయాలి. కన్నవారు ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదని, వాళ్ల పైనా ఒక కన్ను ఉండాలని ఈ నిబంధనలు గుర్తించాయి.

ఇంటి వేడుకలూ ఇదే దారి పట్టాయి. ఈడేరిన పిల్లకు చేసే ఓణీల ఫంక్షన్ ఒకప్పుడు ఇంటి ఆడవాళ్ల మధ్య జరిగేది. ఇప్పుడు పిల్ల బొమ్మతో కూడలిలో ఫ్లెక్సీ కడుతున్నారు. పెళ్లికి ముందు జంటల చేత చేయించే తరహాలో పాటలు పెట్టి వీడియో తీయించి నెట్‌లో పెడుతున్నారు. బిడ్డ మీది మురిపెంతో చేసే ఈ పని ఆమె ఒంటిలో వచ్చిన మార్పును ఊరందరికీ చాటుతోంది.

చేతిలోకి వచ్చిన అంగడి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్లలో ఎన్నో ఇళ్లకు రెండు ఆధారాలున్నాయి: మగవాళ్ల గల్ఫ్ కొలువు, ఆడవాళ్ల బీడీల పని. తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపి దారం చుడుతూ పొద్దంతా కూర్చుంటుంది. లెక్క ప్రకారం బీడీలు కార్ఖానాకు అప్పజెప్పాలి కనుక చేయి ఆగడానికి వీల్లేదు. పక్కన పిల్లవాడి చేతిలో ఫోన్ ఉంటుంది. ఆ ఫోన్ కొన్నది తండ్రి ముఖం చూడడానికి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ల మీద, ఫోన్ల మీద నడిచాయి. చదువు కోసం వచ్చిన తెర చదువు అయ్యాక కూడా పిల్లల చేతిలోనే ఉండిపోయింది. పాఠానికీ పాటకూ మధ్యన ప్రకటన వస్తుంది. పిల్లవాడు ఏం చూశాడో లెక్కపెట్టి, దాన్నిబట్టి తర్వాతి బొమ్మను చూపించే అంగడి ఇది. పనిలో మునిగిన ఆ తల్లిని నిందించడం అన్యాయం. ఆమెకు తోడుగా చట్టం, బడి, ఊరు నిలబడాలి.

చట్టం కొంత నిలబడింది. కేబుల్ టీవీ నిబంధనలు పిల్లలను అసభ్యంగా, కించపరిచేలా చూపే ప్రకటనలను నిషేధించాయి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకటనలు సహా ఏ మాధ్యమంలోనైనా పిల్లలను అశ్లీలానికి వాడితే నేరమంది. 2022 జూన్‌లో వచ్చిన వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు పిల్లల్లో తమ ఒంటి మీద తమకే చిన్నచూపు కలిగించే ప్రకటనలను వద్దన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు పంపరాదని చెప్పింది.

ఈ చట్టాలన్నీ కదలాలంటే ఫిర్యాదు చేసే మనిషి కావాలి. జోగిని ఆచారం తగ్గుముఖం పట్టడానికి 1988 చట్టం ఒక్కటే కారణం కాదు. నా బిడ్డను ఇవ్వను అని జోగినులు, వాళ్ల తల్లులు నోరు తెరిచి చెప్పడమూ కారణమే. ఇప్పుడు అడగాల్సిన మాటలు అంతకన్నా చిన్నవి: వార్షికోత్సవానికి ఈ పాట వద్దని బడిలో చెప్పడం, కూడలిలో బిడ్డ ఫ్లెక్సీ కట్టకపోవడం, ప్రకటన ఎందుకు తీస్తారో పిల్లలకు విడమరిచి చెప్పడం. తప్పుడు ప్రకటన మీద ఫిర్యాదుకు వినియోగదారుల సహాయ నంబరు 1915, పిల్లలకు ఆపద అయితే 1098. రెండూ ఉచితం.