లేయ్‌గోంగ్‌తెంగ్
లేయ్‌గోంగ్‌తెంగ్ (ట్రిప్టెరీజియం విల్‌ఫోర్డీ) చైనా సంప్రదాయ వైద్యంలో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు వాడే, సెలాస్ట్రేసీ కుటుంబానికి చెందిన తీగ. దీని ఆకులు, పూలు, వేరు బెరడు విషపూరితం. మందుకు బెరడు ఒలిచిన వేరునే వాడతారు. 1972లో వేరుచేసిన ట్రిప్టోలైడ్ ఇందులోని ప్రధాన క్రియాశీల పదార్థం. అది వాపును పెంచే సైటోకైన్లనే ప్రొటీన్ల ఉత్పత్తిని అణచివేస్తుంది.

2009లో ప్రచురితమైన అమెరికా పరీక్షలో 121 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు 24 వారాలపాటు ఈ తీగ వేరు సారాన్ని లేదా ఆ వ్యాధికి వాడే మందైన సల్ఫాసలజీన్‌ను ఇచ్చారు. వ్యాధి లక్షణాల్లో కనీసం 20 శాతం మెరుగుదల సారం వాడినవారిలో 65 శాతం మందికి, సల్ఫాసలజీన్ వాడినవారిలో 32.8 శాతం మందికి కనిపించింది. అయితే చివరిదాకా చికిత్స కొనసాగించినవారు వరుసగా 62, 41 శాతమే కావడం ఈ ఫలితానికున్న పెద్ద లోపం. చైనాలో 207 మంది రోగులపై జరిగిన మరో పరీక్షలో 50 శాతం మెరుగుదల పొందినవారు మెథోట్రెక్సేట్ అనే మందుతో 46.4, లేయ్‌గోంగ్‌తెంగ్‌తో 55.1, రెండూ కలిపితే 76.8 శాతం. ఎవరికి ఏ మందు ఇస్తున్నదీ దాచకుండా జరిపిన పరీక్ష కాబట్టి ఈ అంకెలను జాగ్రత్తగా చూడాలి.

విరేచనాలు, జుట్టు రాలడం, ఎముకల సాంద్రత తగ్గడం దీని దుష్ప్రభావాలు. స్త్రీలలో రుతుక్రమం ఆగిపోవచ్చు, పురుషులలో వీర్యకణాలు తగ్గవచ్చు. గర్భిణులు దీన్ని వాడకూడదు.