ఉత్తరం రాసిన తండ్రి, సంఘం పెట్టిన తల్లులు



ఇంతకుముందు వ్యాసాల్లో మనవాళ్ళు ఏ కాలంలో ఈ తమిళ నేలకు వచ్చారు, ఏయే ఊళ్ళలో నిలదొక్కుకున్నారు అని చెప్పుకుంటూ వచ్చాం. ఈ తడవ ఇంకో చరిత్ర. ఇందులో నాయక రాజులు, పాళెగాళ్ళు రారు. మాట రాని బిడ్డను చంకన వేసుకొని డాక్టర్ల చుట్టూ తిరిగిన అమ్మానాన్నలు వస్తారు.

ఎందుకు రాస్తున్నామంటే, మన సంఘంలోనే ఇట్లాంటి బిడ్డలున్న ఇండ్లు ఉన్నాయి. పెండ్లికి వస్తారు, పండక్కి వస్తారు, ఆ బిడ్డను మాత్రం తీసుకురారు. అడిగితే "జ్వరంగా ఉంది" అంటారు. పెద్దపిల్ల సంబంధానికి అడ్డం వస్తుందని భయం. "వాళ్ళ తాత కూడా అయిదేళ్ళకే మాట్లాడినాడు, వీడికీ వస్తుందిలే" అని పెద్దలు సర్దిచెబుతారు. ఆ సర్దుబాటులో రెండేళ్ళు, మూడేళ్ళు జరిగిపోతాయి. ఆటిజం విషయంలో ఆ మొదటి ఏండ్లే ముఖ్యం.

ఆటిజం అనే మాట 1911లో స్విట్జర్లాండు మానసిక వైద్యుడు ఆయిగన్ బ్లాయిలర్ వాడింది. గ్రీకులో "ఆటోస్" అంటే తాను. తనలో తానుండిపోవడం అని అర్థం. ఆయన దాన్ని పెద్దవాళ్ళ మానసిక జబ్బు గురించి వాడినాడు. పిల్లల విషయానికి వస్తే 1925లో సోవియట్ దేశంలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఆరుగురు మగపిల్లల గురించి వివరంగా రాసింది. పాపం, ఆమె రాసింది చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు.

లోకానికి తెలిసిన కథ 1938లో మొదలయింది. అమెరికాలో మిసిసిపి రాష్ట్రం, ఫారెస్ట్ అనే చిన్న ఊరు. అక్కడ ఒక వకీలు తన అయిదేళ్ళ కొడుకు డోనాల్డ్ గురించి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు లియో కానర్‌కు ఉత్తరం రాసినాడు. టైపు కొట్టిన 33 పేజీలు. బిడ్డ ఏం తింటాడు, ఏం చూసి భయపడతాడు, ఏ మాటను ఎట్లా తిప్పి తిప్పి అంటాడు, అంతా అందులో ఉంది. కానర్ ఆ బిడ్డను చూసినాడు, ఇంకా అట్లాంటి పిల్లలను చూసినాడు. 1943లో 11 మంది పిల్లల గురించి వ్యాసం అచ్చు వేసినాడు. అందులో మొదటి బిడ్డ డోనాల్డే. ఆటిజం వైద్య చరిత్రకు పునాది వేసిన వ్యాసం వెనక ఒక తండ్రి కూర్చుని రాసిన ఉత్తరం ఉందన్నమాట.

ఆ డోనాల్డ్ తర్వాత ఏమైనాడు? చదువుకున్నాడు, తన ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసినాడు, గోల్ఫ్ ఆడినాడు, ఒక్కడే దేశదేశాలు తిరిగి వచ్చినాడు. 2023లో 89 ఏండ్ల వయసులో పోయినాడు. ఇంట్లో డబ్బుంది, నిజమే. దాంతోబాటు ఆ ఊరు అతణ్ణి మనవాడే అని కలుపుకొని పెట్టుకుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికి వస్తుంది.

కానర్ వ్యాసం తర్వాత ఒక చెడ్డ కాలం వచ్చింది. ఈ పిల్లలు ఇట్లా కావడానికి తల్లిదండ్రుల చల్లదనమే కారణమన్నారు. బిడ్డను ప్రేమగా దగ్గరికి తీసుకోని తల్లిని ఫ్రిజ్‌తో పోల్చినారు. కానర్ రాతల్లోనూ ఆ పోలిక ఉంది. బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో దాని మీద పెద్ద పుస్తకమే వేసినాడు. వేలమంది తల్లులు తమ చేతులారా బిడ్డను పాడు చేసుకున్నామని ఏడుస్తూ బతికినారు. మన ఇండ్లలో ఇప్పుడు వినపడే మాట వేరేనా? "తల్లి ఉద్యోగానికి పోయింది, చేతికి సెల్లు ఇచ్చింది, అందుకే ఇట్లా అయింది" అంటాం. బిడ్డకు సెల్లు ఎక్కువ ఇవ్వడం మంచిది కాదు, సరే. ఆ నెపంతో ఆటిజం నేరం తల్లి మీద వేయడం మాత్రం అదే పాత పాట.

ఆ నిందను తుడిచింది ఎవరు? మళ్ళీ తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అమెరికా నౌకాదళంలో మనస్తత్వ శాస్త్రవేత్త. తన కొడుకుకే ఆటిజం. దొరికిన వైద్య వ్యాసాలన్నీ చదివి, ఇది పెంపకం వల్ల వచ్చేది కాదు, మెదడు ఎదిగే తీరుకు సంబంధించింది అని 1964లో పుస్తకం రాసినాడు. దానికి ముందుమాట రాసింది కానరే. 1965లో ఇంకొందరు తల్లిదండ్రులతో కలిసి జాతీయ సంఘం పెట్టినాడు. లండన్‌లో అంతకు ముందే, 1962లో, లోర్నా వింగ్ లాంటి తల్లిదండ్రులు సంఘం పెట్టుకున్నారు. లోర్నా వింగ్ డాక్టరు, ఆటిజం ఉన్న కూతురుకు తల్లి. ఒక్కో బిడ్డలో ఇది ఒక్కో మోతాదులో ఉంటుందని చూపించి, స్పెక్ట్రమ్ అనే ఊహను నిలబెట్టింది ఆమే. క్లారా పార్క్ అనే తల్లి 1967లో తన కూతురు గురించి "ది సీజ్" అని పుస్తకం రాసింది. 1969లో రిమ్‌లాండ్ సంఘం సభకు వచ్చి కానర్ అందరి ముందరా తల్లిదండ్రుల తప్పేమీ లేదని చెప్పినాడు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ 21 కవల జంటలను పరీక్షించి ఇందులో వంశపారంపర్యం పాలు ఉందని చూపించినారు.

మన దేశంలో కూడా దారి ఇట్లాగే పడింది. 1991లో ఢిల్లీలో మెరీ బరువా అనే తల్లి యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టింది. బిడ్డకు ఏమైందో చెప్పేవాళ్ళే లేని కాలంలో తల్లిదండ్రులు ఒకరికొకరు తెలుసుకోవడానికి పత్రిక నడిపినారు, పళ్ళికూటం తెరిచినారు. అయినా 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో 7 రకాలే లెక్కపెట్టినారు, ఆటిజం లేదు. మేము రైల్వేలో ఉన్నప్పుడు రాయితీ ఫారాలు చాలా చూసినాం. నడవలేనివారికి, చూపు లేనివారికి, చెవుడు మూగ రెండూ ఉన్నవారికి, బుద్ధిమాంద్యం ఉన్నవారికి వరుసలు ఉండేవి. ఆటిజం అనే మాట ఉండేది కాదు. చట్టంలో లేని మాట ఫారంలోకి ఎట్లా వస్తుంది?

తల్లిదండ్రులు ఊరుకోలేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, దాని పేరులోనే ఆటిజం చేరింది. 2016 చట్టంలో వైకల్యాలు 7 నుంచి 21 అయినాయి, అందులో ఆటిజం ఒకటి. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ మన దేశానికి తగినట్టు 40 అంశాల కొలమానం తయారు చేసింది. సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడు దాన్నే వాడతారు.

ఇంక సహాయం ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. బిడ్డ ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు వేలు పెట్టి చూపించకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనకపోయినా, వచ్చిన మాటలు పోయినా, ఆగకుండా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని ముందస్తు గుర్తింపు కేంద్రానికి పోవాలి. 2013 నుంచి నడుస్తున్న పిల్లల ఆరోగ్య పథకం కింద పెట్టినవి అవి. చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో ముట్టుకాడు దగ్గర 2005లో పెట్టిన కేంద్ర సంస్థ ఉంది. చెన్నైలో 1985లో మొదలైన విద్యాసాగర్, టి.నగర్‌లో చిన్న పిల్లలకు పనిచేసే మధురం నారాయణన్ కేంద్రం ఉన్నాయి. కర్ణాటకలోని మనవాళ్ళకు మైసూరులో వాక్కు, వినికిడి సంస్థ, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. ఒడిశావాళ్ళకు కటక్ దగ్గర ఓలత్‌పూర్, మహారాష్ట్రవాళ్ళకు ముంబై బాంద్రాలోని అలీ యావర్ జంగ్ సంస్థ. యానాంవాళ్ళకు కాకినాడ పెద్దాసుపత్రి పక్కనే.

చదువుకోవడానికి ఏముంది అని అడుగుతారు. సికింద్రాబాద్ సంస్థ తల్లిదండ్రుల కోసం తెలుగులో కూడా పుస్తకాలు వేసింది. ఇంగ్లీషులో ఫెర్న్ సస్మన్ రాసిన "మోర్ దాన్ వర్డ్స్" ఉంది. స్నానం, అన్నం, ఆట వీటి మధ్యలోనే బిడ్డతో మాట ఎట్లా కలపాలో బొమ్మలతో చెబుతుంది. శాలీ రోజర్స్ తదితరులు 2012లో తల్లిదండ్రుల కోసం రాసిన "యాన్ అర్లీ స్టార్ట్" కూడా అట్లాంటిదే. ఆటిజం ఉన్న మనిషికి లోకం ఎట్లా కనపడుతుందో తెలియాలంటే టెంపుల్ గ్రాండిన్ 1995లో రాసిన "థింకింగ్ ఇన్ పిక్చర్స్" చదవాలి. ఆమెకే ఆటిజం ఉంది. పశువుల శాస్త్రంలో ప్రొఫెసర్. పిల్లలకు బొమ్మల పుస్తకాలు కావాలంటే చెన్నై తులికావాళ్ళవి తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీల్లో ఉన్నాయి. ప్రథమ్ బుక్స్‌వారి స్టోరీవీవర్‌లో ఒడియాతో సహా ఉచితంగా దొరుకుతాయి.

ఇక్కడ మనకు రెండు చిక్కులున్నాయి. మొదటిది లిపి. మన ఇండ్లలో తెలుగు మాట్లాడతాం, తమిళం చదువుతాం. మేమూ తమిళ పళ్ళికూటంలో చదివినవాళ్ళమే, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నాం. తెలుగు పుస్తకం చేతికిచ్చినా చదవలేని తల్లి, ఇంగ్లీషు పుస్తకం అర్థం కాని అవ్వ మన ఇండ్లలో ఉన్నారు. కాబట్టి మనకు పుస్తకంతో పాటు చదివి వినిపించే మనిషి కూడా కావాలి.

రెండోది ఇంకా పెద్దది. "బిడ్డకు ఒక్క భాషే నేర్పండి, ఇంట్లో తెలుగు ఆపేయండి" అని సలహా ఇస్తున్నారు. భయపడి తల్లులు రాని ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడుతున్నారు. రెండు భాషల ఇండ్లలో పెరిగే ఆటిజం పిల్లల మీద కెనడాలోనూ ఇతర చోట్లా పరిశోధనలు జరిగినాయి. 2012లో వచ్చిన ఒక పరిశోధన, తర్వాత వచ్చినవి కూడా, రెండు భాషలు వినడం వల్ల వాళ్ళ మాట ఇంకా వెనకబడిందని చూపలేదు. ఆలోచించి చూడండి. మాటే కష్టమైన బిడ్డకు అవ్వ లాలిపాట, తాత పిలుపు, అత్త కూతుళ్ళ ఆటమాట అన్నీ తెలుగులో ఉంటే, ఆ తెలుగు ఆపేస్తే వాడికి ఇంట్లో ఎవరు మిగులుతారు? తల్లికి ఏ భాష గుండెలోంచి వస్తుందో ఆ భాషలోనే మాట్లాడాలి.

ఇంకో ఎచ్చరిక. టీకాల వల్ల ఆటిజం వస్తుందని 1998లో 12 మంది పిల్లల మీద వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆ సంగతి తెలియక వాట్సాపులో ఇప్పటికీ పంపుతున్నారు. స్టెమ్ సెల్ వైద్యం చేస్తామని లక్షలు అడిగేవాళ్ళున్నారు. ఆటిజానికి ఆ వైద్యం సిఫారసు చేయలేమని 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ నీతి విభాగం చెప్పింది. పొలం అమ్మి అక్కడికి పోకండి.

కాగితాల పని కూడా చెప్పాలి, అది మా వృత్తి కదా. ముందు వైకల్య సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు. తర్వాత నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా, ఏడాదికి 1 లక్ష దాకా, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. బిడ్డకు 18 నిండితే సొంత తల్లిదండ్రులైనా చట్టప్రకారం సంరక్షకులు కారు. కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టి ఆ హోదా తెచ్చుకోవాలి. రైల్వే పెన్షనుదారులు ఇది బాగా వినండి. మామూలుగా పిల్లలకు ఫ్యామిలీ పెన్షను 25 ఏండ్ల వరకే. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు జీవితాంతం వస్తుంది. మీరు బతికి ఉండగానే ఆ బిడ్డ పేరు పీపీఓలో చేర్పించండి. మీరు పోయినాక ఆ బిడ్డ ఆఫీసుల చుట్టూ తిరగలేడు.

చివరగా మన సంఘం మాట. 1937లో మద్రాసులో దుర్గాబాయి గారు ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు ఆడపిల్లల చదువుతో మొదలుపెట్టినారు. తర్వాత అదే సభ అడయారులో కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలకు వైద్య కేంద్రం నడిపింది. సంఘమంటే పొంగళ్ళ వేడుకా, కులపెద్దల సన్మానమూ మాత్రమే అయితే ఆ పెద్దల పేరు చెప్పుకోవడం ఎందుకు?

మా మనవి ఇది. సంఘం భవనంలో ఒక అలమర ఈ పుస్తకాలకు ఇద్దాం. నెలకు ఒక సాయంత్రం ఇంగ్లీషు చదివిన కోడలో అల్లుడో ఒక అధ్యాయం చదివి తెలుగులో చెప్పాలి. సెల్లులో రికార్డు చేసి మైసూరు, బరంపురం, యానాం మనవాళ్ళకూ పంపుదాం. వచ్చే సంక్రాంతి వేడుకలో మైకు మోత పడని బిడ్డల కోసం వెనక గది ఒకటి గమ్మున ఉండేట్టు ఖాళీ పెట్టిద్దాం. తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో పిలుపు కాగితంలోనే రాద్దాం. ఆ గదిలోకి మొదట ఏ ఇంటి బిడ్డ వస్తే, ఆ ఇంటి పెద్దపిల్ల సంబంధం గురించి మంచి మాట చెప్పే పూచీ మనందరిదీ.