వృత్తి సైక్లింగ్‌లో డోపింగ్ అనుమానాలు: ఇతర క్రీడలతో పోలిక

నిషేధిత ఉత్ప్రేరకాల అనుమానం ఎప్పుడో ఒకప్పుడు తాకని క్రీడ లేదు. వృత్తి సైక్లింగ్‌ను మాత్రం అది నీడలా వదలకుండా పట్టుకుంది. టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక సైక్లిస్టు కొండదారిలో తోటివారిని విడిచి ఒంటరిగా ముందుకు పోతే చప్పట్లతో పాటే గుసగుసలు మొదలవుతాయి. టెన్నిస్‌లో ఐదో సెట్లోనూ అలుపెరగని ఆటగాడికి మెప్పు తప్ప మరొకటి దక్కదు. ఈ తేడాకు సగం కారణం సైక్లింగ్ స్వయంగా చేసుకున్నదే. మిగతా సగం, ఆ క్రీడను గాలించినంతగా ఇంకే క్రీడనూ ఎవరూ గాలించకపోవడం.

తొలి రోజులు

'డోప్' అన్న మాట క్రీడల్లోకి గుర్రప్పందేల నుంచి వచ్చింది. 19వ శతాబ్దం చివర యూరప్, అమెరికాల్లో ఆరు రోజుల సైకిల్ పందేలు జరిగేవి. వాటిలో రాత్రింబవళ్ళు తొక్కేవారు నిద్ర ఆపుకోవడానికి, నొప్పి తెలియకుండా ఉండడానికి కెఫీన్, కొకైన్, స్ట్రిక్‌నిన్ పుచ్చుకునేవారు. అప్పట్లో దాన్ని తప్పుగా ఎవరూ చూడలేదు. ఇతర పోటీల్లోనూ అంతే. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో థామస్ హిక్స్‌ను ఆయన సహాయకులు దారి పొడవునా స్ట్రిక్‌నిన్, బ్రాందీ పట్టిస్తూ గమ్యం చేర్చారు. ఆయన విజేతగానే మిగిలారు.

1924 టూర్ 5,425 కిలోమీటర్ల పోటీ. మొత్తం 15 అంచెలు కాబట్టి సగటున అంచెకు 360 కిలోమీటర్లకు పైగా తొక్కాలి, అదీ మట్టిరోడ్ల మీద. అంతకు ముందు ఏడాది విజేత హెన్రీ పెలిసియే ఒంటి మీది జెర్సీల విషయంలో నిర్వాహకులతో తగవుపడి, సోదరుడు ఫ్రాన్సిస్, మిత్రుడు మోరిస్ విల్‌లతో కలిసి కూటాన్స్ పట్టణంలో పోటీ నుంచి తప్పుకున్నాడు. అక్కడి కాఫీ హోటల్లో పాత్రికేయుడు ఆల్బేర్ లోండ్ర్ ముందు ముగ్గురూ తమ సంచులు విప్పి చూపించారు. కళ్ళకు కొకైన్, చిగుళ్ళకు క్లోరోఫామ్, ఇంకా రకరకాల మాత్రలు వాటిలో ఉన్నాయి. లోండ్ర్ కథనం వారిని దొంగలుగా చూపలేదు, రోడ్డు మీద కఠినశిక్ష అనుభవిస్తున్న ఖైదీలుగా చూపింది. 1930 నాటి టూర్ నియమావళిలో, నిర్వాహకులు సమకూర్చే సామగ్రిలో మందులు ఉండవని సైక్లిస్టులకు గుర్తు చేశారు. మందులు వాడవద్దని కాదు, ఎవరివి వారే తెచ్చుకోవాలని.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆంఫెటమిన్ల కాలం వచ్చింది. ఐదుసార్లు టూర్ గెలిచిన ఫ్రెంచి సైక్లిస్టు జాక్ ఆంకెతిల్ ఈ సంగతి దాచలేదు. మంచినీళ్ళతో ఇంత దూరం ఎవరూ తొక్కలేరని బహిరంగంగానే వాదించారు. 1967లో మిలాన్‌లో గంటలో తొక్కిన దూరానికి రికార్డు నెలకొల్పి, మూత్ర నమూనా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ రికార్డుకు గుర్తింపు రాలేదు.

రెండు మరణాలు

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మండుటెండలో జరిగిన పోటీలో డెన్మార్క్ సైక్లిస్టు క్నూద్ ఎనమార్క్ యెన్సెన్ సైకిల్ మీద నుంచి పడి చనిపోయాడు. వడదెబ్బదా మందులదా ఎక్కువ పాలు అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. డోపింగ్ మీద ప్రపంచం కళ్ళు తెరిచింది మాత్రం ఆ మరణంతోనే. 1965లో ఫ్రాన్స్, బెల్జియం చట్టాలు చేశాయి. 1966 టూర్‌లో బోర్డోలో తొలిసారి పరీక్షలు జరిగాయి. మర్నాడు సైక్లిస్టులు నిరసనగా సైకిళ్ళు దిగి నడిచారు.

1967 జూలై 13న మాజీ ప్రపంచ చాంపియన్, బ్రిటన్‌కు చెందిన టామ్ సింప్సన్ మోం వాంటూ కొండ ఎక్కుతూ శిఖరానికి కొద్ది దూరంలో కూలిపోయి మరణించాడు. వయసు 29. జెర్సీ జేబులో ఆంఫెటమిన్ గొట్టాలు దొరికాయి. శవపరీక్షలో ఆంఫెటమిన్, మద్యం బయటపడ్డాయి. ఆ మరుసటి ఏడాదే ఒలింపిక్స్‌లో డోపింగ్ పరీక్షలు మొదలయ్యాయి. అంటే ఒలింపిక్ ఉద్యమం కంటే రెండేళ్ళ ముందే టూర్‌లో పరీక్షలు వచ్చాయి. సైక్లింగ్‌ను నిందించేవారు ఈ మాట తరచూ మరిచిపోతారు.

పరీక్షలు వచ్చాక వాటిని తప్పించుకునే ఉపాయాలూ వచ్చాయి. 1978లో బెల్జియం సైక్లిస్టు మిషెల్ పొలెంటియే టూర్‌లో ఆల్ప్ డ్యూయెజ్ అంచె గెలిచి, ఆధిక్యంలో ఉన్నవారికిచ్చే పసుపు జెర్సీ అందుకున్నాడు. చంకలో రబ్బరు తిత్తి పెట్టుకుని, అందులోని వేరొకరి మూత్రాన్ని గొట్టం ద్వారా ఇవ్వబోతూ ఆ రోజే దొరికిపోయాడు.

రక్తం చిక్కబడిన కాలం

ఎరిత్రోపోయిటిన్ మూత్రపిండాల్లో తయారయ్యే హార్మోన్. ఎర్ర రక్తకణాలు పెంచమని ఎముక మజ్జకు చెప్పేది అదే. దాని కృత్రిమ రూపం ఈపీవో, మూత్రపిండాల రోగుల రక్తహీనతకు మందుగా 1989లో అమెరికాలో అనుమతి పొందింది. ఆరోగ్యవంతుడు తీసుకుంటే రక్తం మోసుకెళ్ళే ఆమ్లజని పెరుగుతుంది. గంటల తరబడి కొండలెక్కేవారికి ఇంతకు మించిన వరం లేదు. ఆంఫెటమిన్ అలసటను దాచేది. ఈపీవో శరీరపు స్తోమతనే మార్చేసింది. డోపింగ్ చరిత్రను రెండుగా చీల్చిన మందు ఇది.

దాన్ని పట్టుకునే పరీక్ష 2000 దాకా రాలేదు. గత్యంతరం లేక అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1997లో ఒక హద్దు గీసింది. రక్తంలో ఎర్ర కణాల వాటా, అంటే హెమటోక్రిట్, 50 శాతం దాటిన పురుషుణ్ణి కొన్నాళ్ళు పోటీకి దూరంగా ఉంచాలి. అది శిక్ష కాదు, ఆరోగ్యం కోసం విశ్రాంతి. చాలామందికి ఆ హద్దే గమ్యమైంది. 50కి చేరకుండా 49 దాకా తెచ్చుకోవడం ఒక విద్యగా మారింది. 1996 టూర్ విజేత బ్యార్న్ రీస్, తాను ఈపీవో వాడే గెలిచానని 2007లో ఒప్పుకున్నాడు.

1998 వేసవి

ఆ ఏడాది జూలై 8న ఫ్రాన్స్-బెల్జియం సరిహద్దులో కస్టమ్స్ అధికారులు ఒక కారు ఆపారు. నడుపుతున్నది ఫెస్టీనా జట్టు సహాయకుడు విల్లీ వోయె. కారులో ఈపీవో, గ్రోత్ హార్మోన్ తదితరాల సీసాలు 400కు పైగా ఉన్నాయి. మూడు రోజులకు డబ్లిన్‌లో టూర్ మొదలైంది. పోలీసులు హోటళ్ళ మీద దాడులు చేశారు. ఫెస్టీనాను పోటీ నుంచి వెళ్ళగొట్టారు, కొన్ని జట్లు తామే వెళ్ళిపోయాయి, మిగిలినవారు రోడ్డు మీద బైఠాయించారు. 189 మందితో మొదలైన పోటీని 96 మంది పూర్తిచేశారు. ఇదంతా ఏ ఒక్క డోపింగ్ పరీక్ష వల్లా బయటపడింది కాదు. బయటపెట్టింది కస్టమ్స్, పోలీసులు, ఫ్రెంచి చట్టం.

అదే వేసవిలో అమెరికా బేస్‌బాల్‌లో మార్క్ మెక్‌గ్వైర్ ఒక సీజన్‌లో 70 హోమ్ రన్లు కొట్టి పాత రికార్డు బద్దలు కొట్టాడు. ఆయన లాకర్లో ఆండ్రోస్టెనిడయోన్ సీసా ఉందని ఒక పాత్రికేయుడు చూసి రాశాడు. ఒలింపిక్స్‌లో నిషిద్ధమైన ఆ పదార్థం బేస్‌బాల్‌లో నిషిద్ధం కాదు. దేశం మెక్‌గ్వైర్‌కు జేజేలు పలికి, రాసినవాణ్ణి తప్పుపట్టింది. తాను స్టెరాయిడ్లు వాడానని మెక్‌గ్వైర్ 2010లో ఒప్పుకున్నాడు.

1998లోనే ఇటలీలో ఫుట్‌బాల్ మందుల దుకాణాల నుంచి బయటికి రావాలని కోచ్ జ్డెనెక్ జెమాన్ అన్న మాట విచారణకు దారితీసింది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ నమూనాలకు జరగాల్సిన పరీక్షలన్నీ రోమ్ పరీక్షశాలలో జరగడం లేదని తేలింది. ఆ విచారణలో యువెంటస్ క్లబ్బు వైద్యుడికి 2004లో పడిన శిక్షను 2005లో పై కోర్టు కొట్టివేసింది. సైక్లింగ్ మీద పడ్డ మచ్చ మాత్రం ఫుట్‌బాల్ మీద పడలేదు.

1998 తర్వాతి ఏడాది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, వాడా, పుట్టింది. అది పుట్టడానికి ప్రధాన కారణం ఫెస్టీనా వ్యవహారమే.

మాడ్రిడ్ రక్తపు సంచులు

2006 మే నెలలో స్పెయిన్ పోలీసులు మాడ్రిడ్‌లో వైద్యుడు యుఫెమియానో ఫ్యూయెంటెస్‌కు చెందిన చోట్లు సోదా చేశారు. శీతలపెట్టెల్లో సుమారు 200 రక్తపు సంచులు, వాటి మీద మారుపేర్లు, అంకెలు. క్రీడాకారుడి రక్తాన్నే తీసి దాచి, పోటీ వేళ తిరిగి ఎక్కించే పద్ధతి ఇది. యాన్ ఉల్రిచ్, ఇవాన్ బాసో వంటి మేటి సైక్లిస్టులను ఆ ఏడాది టూర్ మొదలయ్యే ముందు రోజే ఇంటికి పంపారు.

తన దగ్గరికి సైక్లిస్టులే కాక ఫుట్‌బాల్, టెన్నిస్, అథ్లెటిక్స్, బాక్సింగ్ వాళ్ళూ వచ్చేవారని ఫ్యూయెంటెస్ 2013లో కోర్టులో చెప్పాడు. పేర్లు చెప్పడానికీ సిద్ధపడ్డాడు. న్యాయమూర్తి అడగలేదు. సోదా జరిగిన నాటికి స్పెయిన్‌లో డోపింగ్ నేరం కాదు, కేసు ప్రజారోగ్యానికి హాని గురించే నడిచింది. సంచులను ధ్వంసం చేయమని తీర్పు వచ్చింది. 2016లో పై కోర్టు దాన్ని తిరగదోడి సంచులను డోపింగ్ నిరోధక సంస్థలకు ఇమ్మంది. అప్పటికి పదేళ్ళు గడిచాయి. చర్య తీసుకునే ఎనిమిదేళ్ళ గడువు తీరిపోయింది.

దొరికింది దాదాపుగా సైక్లిస్టులే. అలెహాండ్రో వాల్వెర్డే సంగతి చూడండి. 2008 టూర్ ఒక రోజు ఇటలీ గడ్డ మీదికి వెళ్ళినప్పుడు అక్కడి అధికారులు ఆయన రక్త నమూనా తీసుకుని, మాడ్రిడ్ సంచితో డీఎన్ఏ సరిపోల్చారు. రెండేళ్ళ నిషేధం పడింది. మిగతా సంచుల యజమానులను వెతకడానికి ఏ క్రీడా అంత పట్టుదల చూపలేదు. దొరికితే దొంగలు, దొరక్కపోతే దొరలు అన్న సామెత ఈ కేసుకు అతికినట్టు సరిపోతుంది.

ఖాళీ అయిన ఏడు గడులు

1999 నుంచి 2005 దాకా వరుసగా ఏడు టూర్లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వందలాది పరీక్షలు నెగ్గానని చెప్పుకునేవాడు. 2012 అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ బయటపెట్టిన నివేదికలో ప్రధాన సాక్ష్యం ప్రయోగశాల ఫలితం కాదు, ఆయన సొంత జట్టు సైక్లిస్టుల ప్రమాణపూర్వక వాంగ్మూలాలు. 2013 జనవరిలో ఆయనే టీవీలో ఒప్పుకున్నాడు. అంతకు ముందు ఏళ్ళలో నిజం చెప్పిన జట్టు సహాయకురాలు ఎమా ఒరైలీ, సహచరుడి భార్య బెట్సీ ఆండ్రూ అనుభవించిన అవమానాలు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన అధ్యాయం. ఆర్మ్‌స్ట్రాంగ్ నుంచి వెనక్కి తీసుకున్న ఏడు టైటిళ్ళను సమాఖ్య ఎవరికీ బదలాయించలేదు. ఆ ఏడేళ్ళలో మొదటి మూడు స్థానాలు కలిపి 21 కాగా, వాటిలో 20 స్థానాలు పొందినవారికి డోపింగ్‌తో సంబంధం ఉన్నట్టు అమెరికా సంస్థ తేల్చింది మరి.

బేస్‌బాల్‌లో 2007 నాటి మిచెల్ నివేదిక 89 మంది ఆటగాళ్ళ పేర్లు చెప్పింది. బేస్‌బాల్ ఆటగాడు బారీ బాండ్స్ తెలిసి ఏ ఉత్ప్రేరకమూ వాడలేదన్నాడు. వృత్తి జీవితం మొత్తంలో ఆయన కొట్టిన 762 హోమ్ రన్లు నేటికీ రికార్డు.

అంకెలు ఎంత చెబుతాయి

పట్టుబడినవారి సంఖ్యను చూసి క్రీడల నిజాయితీని కొలిచేవారు ఒక విషయం గమనించాలి. 2011 దేగూ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో పరిశోధకులు పేరు తెలియని పద్ధతిలో క్రీడాకారులను అడిగితే, గత ఏడాదిలో డోపింగ్ చేసినవారు సుమారు 43.6 శాతమని అంచనా వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా మామూలు పరీక్షల్లో తేలేది 1 నుంచి 2 శాతం. వెతకడంలో ఉన్న తేడా అంకెల్లో కనిపిస్తుంది.

సైక్లింగ్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. కొండ ఏటవాలు తెలుసు, దూరం తెలుసు, బరువు తెలుసు, సమయం తెలుసు. ఇంట్లో కూర్చుని ఎవరైనా ఆ సైక్లిస్టు ఎన్ని వాట్ల శక్తి పెట్టాడో లెక్క కట్టవచ్చు. ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ గురించి అలాంటి లెక్క కుదరదు. అక్కడ నైపుణ్యం, ఎత్తుగడ, అదృష్టం అన్నీ కలిసిపోతాయి. అందుకని ఆ ఆటలో మందులకు చోటు లేదనుకోవడం పొరపాటు. అలసట ఉన్న ప్రతి ఆటలోనూ అలసటను తగ్గించే మందుకు విలువ ఉంటుంది.

మన దేశంలోనూ ఇదే తీరు. క్రీడాకారుడు తాను ఎప్పుడు ఎక్కడ ఉంటాడో ముందుగా చెప్పాలన్న వాడా నిబంధనను 2009లో భారత క్రికెట్ బోర్డు ఒప్పుకోలేదు. వెయిట్‌లిఫ్టర్లు, అథ్లెట్లు ఏళ్ళ తరబడి జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్షలకు నిలబడుతుంటే, క్రికెటర్లు దాని పరిధిలోకి వచ్చింది 2019 ఆగస్టులోనే.

నేటి స్థితి

2008లో సైక్లింగ్ సమాఖ్య రక్త పాస్‌పోర్టు విధానం తెచ్చింది. ఒక్క మందు కోసం వెతకడానికి బదులు, ఒకే మనిషి రక్తం ఏళ్ళ తరబడి ఎలా మారుతోందో గమనిస్తారు. అంతర్జాతీయ సమాఖ్యల్లో ఈ దారి తొక్కిన మొదటిది ఇదే. 2021 నుంచి పరీక్షల బాధ్యత అంతర్జాతీయ పరీక్షల సంస్థది. సైకిల్లో మోటారు దాచే కొత్తరకం మోసం 2016 జనవరిలో బెల్జియంలో జరిగిన ప్రపంచ సైక్లోక్రాస్ పోటీల్లో బయటపడింది. దాని తర్వాత సైకిళ్ళనూ ఎక్స్-రే తీస్తున్నారు.

అయినా అనుమానం పోలేదు. 2023 టూర్‌లో 22.4 కిలోమీటర్ల అంచెలో యోనాస్ వింగెగార్డ్ 1 నిమిషం 38 సెకన్ల తేడాతో తదేయ్ పొగాచార్‌ను ఓడించినప్పుడు అదే ప్రశ్న వచ్చింది. మరుసటి ఏడాది ప్లాటో ద బెయ్ కొండ మీద సైక్లిస్టు మార్కో పాంటానీ 1998 నాటి, అంటే ఈపీవో కాలపు, సమయాన్ని పొగాచార్ మూడు నిమిషాలకు పైగా తగ్గించినప్పుడూ వచ్చింది. మెరుగైన సైకిళ్ళు, ఆహారం, శిక్షణ అని కొందరి సమాధానం. జనం సందేహించడంలో తప్పు లేదని వింగెగార్డే అన్నాడు. ఈ ఇద్దరూ ఏ డోపింగ్ పరీక్షలోనూ పట్టుబడలేదు. నియమావళి ప్రకారం భద్రపరచిన నమూనాలను పదేళ్ళ దాకా మళ్ళీ పరీక్షించవచ్చు. 2023 టూర్‌కు ఆ గడువు 2033 జూలైతో ముగుస్తుంది.