వరస కట్టిందెవరు?

అది 1920. బాపట్లలో హరిశ్చంద్ర నాటకం. జనం వచ్చి కూర్చున్నారు. హార్మోనియం మోగుతోంది. తెర వెనక మాత్రం కంగారు. చంద్రమతి వేషం వేయాల్సిన నటుడు ఇంకా రాలేదు.

“కాసేపు చూద్దామండీ, వస్తాడేమో.”

“ఇంకెప్పుడండీ? జనం ఈలలు వేస్తున్నారు.”

“చంద్రమతి లేకుండా ఏ సీను ఆడతాం? కాటి సీనులో బిడ్డను ఎత్తుకొచ్చేదెవరు?”

ఈ మాటలు ఊహించుకున్నవే. జరిగిన సంగతి మాత్రం నిజం. ఆ రాత్రి ఇరవై ఏళ్ళు నిండని ఓ కుర్రాడు చీర కట్టి, చంద్రమతిగా రంగం మీదికి వచ్చాడు. పేరు స్థానం నరసింహారావు. 1902లో ఆ బాపట్లలోనే పుట్టినవాడు. అక్కడి నుంచి తెలుగు నాటకరంగం ఆయన వెంట నడిచింది. సత్యభామ, చింతామణి, మధురవాణి, చిత్రాంగి, దేవదేవి, రోషనార... ఏ వేషం కట్టినా మగవాడన్న సంగతే ప్రేక్షకుడు మరిచిపోయేవాడు. 1956లో ‘పద్మశ్రీ’ వచ్చింది.

ఆయన వేషం గురించి, చీరకట్టు గురించి, నడక గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటాం. ఆయన పాట రాసిన సంగతి మాత్రం అంతగా చెప్పుకోం. మన నాటకానికి పద్యం రాసిన కవి పేరు చిన్నపిల్లలకీ తెలుసు. ఆ పద్యాన్ని పాడే వరస ఎవరిది? పాట ఎక్కడ పెట్టాలో, ఏ రాగంలో ఎత్తుకోవాలో తేల్చిందెవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే కథ బాపట్ల నుంచి మన ఇబ్రహీంపట్నం మీదుగా మైలవరం చేరుతుంది.

కొండపల్లి దాటితే కంపెనీ

విజయవాడ నుంచి వచ్చేవాళ్ళకు ఇబ్రహీంపట్నం సెంటర్లో రెండు దారులు. నేరుగా పోతే హైదరాబాద్. కుడిచేతి వైపు తిరిగితే కొండపల్లి, జి.కొండూరు మీదుగా మైలవరం. ఇప్పుడది జగదల్‌పూర్ వైపు పోయే జాతీయ రహదారి. థర్మల్ స్టేషన్ బూడిద లారీల మధ్య ఆ దారిన వెళ్ళేవారిలో, సుమారు పాతిక కిలోమీటర్ల అవతల తెలుగు నాటక సంగీతానికి ఒక పెద్ద బడి నడిచిందని ఎంతమందికి తెలుసు?

1910వ దశకంలో మైలవరం జమీందారు అండతో అక్కడ బాలభారతీ నాటక సమాజం వెలిసింది. జనం నోట అది ‘మైలవరం కంపెనీ’. తర్వాత 1932లో ‘శకుంతల’ టాకీలో దుష్యంతుడైన యడవల్లి సూర్యనారాయణ ఆ కంపెనీ నటుడే. గొంతుతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన కపిలవాయి రామనాథశాస్త్రి కూడా ఆ కంపెనీ వాడే. వీళ్ళందరి వెనక హార్మోనియం ముందు కూర్చున్న మనిషి పాపట్ల కాంతయ్య. కపిలవాయికి ఆయనే గురువు.

ఆయన చేతికి వచ్చిన పని చిన్నది కాదు. అప్పటికే తెలుగు నాటకంలో పాట పాతుకుపోయింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వారు మన ఊళ్ళలో నాటకాలాడి వెళ్ళారు. పార్సీ నాటకాల మట్లు జనం చెవుల్లో పడ్డాయి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన నాటకాల్లో పాటలకు, పద్యాలకు చోటిచ్చి, ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అనిపించుకున్నారు. పాటకు తాళముంది కాబట్టి వచ్చిన మట్టులో మాటలు ఇమిడిపోతాయి. చిక్కంతా పద్యంతోనే.

ఉత్పలమాలకూ చంపకమాలకూ గణాలున్నాయి, యతి ఉంది, ప్రాస ఉంది. తాళం మాత్రం లేదు. పాదం ఒకచోట ఆగితే అర్థం ఇంకోచోట ఆగుతుంది. యతి దగ్గర విరిస్తే మాట నలిగిపోతుంది. మాట దగ్గర విరిస్తే నడక కుంటుతుంది. సీసపద్యమైతే మరీ కష్టం. నాలుగు పొడుగు పాదాల మీద గొంతు మెట్టు మెట్టుగా ఎక్కాలి. చివరి గీతంలోకి రాగానే ఆ బిగువంతా సడలి, చెప్పదలచిన మాట గుండెకు తగలాలి. ఎక్కడ రాగం తీయాలి, ఎక్కడ ఊపిరి పట్టాలి, ఎక్కడ నటుడు ఆగితే హార్మోనియం అందుకోవాలి... ఇవన్నీ కవి రాసిన కాగితంలో ఉండవు. వరస కట్టేవాడే తేల్చాలి.

మైలవరంలో కాంతయ్య చేసింది ఈ పనే. శాస్త్రీయ సంగీతాన్ని నాటక పద్యానికి ఒద్దికగా కుదిర్చారు. శోకానికి ఏ రాగం, రాయబారానికి ఏ రాగం అన్న పట్టింపు మన రంగస్థలం మీద స్థిరపడటంలో ఆ కంపెనీ చెయ్యి ఉంది. ఆ వరసలు కపిలవాయి గొంతులో పలికాయి, ఆ గొంతు గ్రామఫోను ప్లేట్లకెక్కింది. మైలవరం నాటకం కళ్ళారా చూడని ఊళ్ళలో కూడా పొలం గట్ల మీద ఆ పోకడలు వినిపించాయి. కాంతయ్య పేరు మాత్రం ప్లేటుతో పాటు ఊరూరా తిరగలేదు.

సత్యభామకు ఒక పాట కావాలి

ఇక తెనాలి. శ్రీరామ విలాస సభలో మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి ఉద్దండుల నడుమ స్థానం వెలుగుతున్న రోజులు. నాటకం ముత్తరాజు సుబ్బారావు రాసిన ‘శ్రీకృష్ణ తులాభారం’. స్థానం వేషం సత్యభామ.

కథ అందరికీ తెలిసిందే. నారదుడి మాటలకు ఉబ్బిపోయి సత్యభామ కృష్ణుణ్ణి దానం చేస్తుంది. ఎత్తు బంగారమిచ్చి విడిపించుకోవచ్చని ధీమా. నగలన్నీ కుప్ప పోసినా తక్కెడ కదలదు. చివరికి రుక్మిణి వేసిన తులసిదళానికి తూగుతాడు స్వామి. కథ తెలిసిన ప్రేక్షకుణ్ణి కట్టిపడేయాలంటే నటుడు ఏం చేయాలి? సత్యభామ పడిపోయే ముందు ఎంత ఎత్తున నిలబడిందో చూపించాలి.

అందుకు స్థానం ‘మీరజాలగలడా’ పాట రాసుకున్నారు. తన వేషానికి తనే. భర్త తన మాట జవదాటడన్న నమ్మకం ఆ పాటకు ప్రాణం. ఆ నమ్మకంలో ప్రేమ ఉంది, అహంకారం ఉంది. ఏది ఎక్కడ మొదలై ఏది ఎక్కడ ముగుస్తుందో సత్యభామకే తెలియదు. ప్రేక్షకుడికి తెలుసు. పాట సాగుతున్నకొద్దీ అతని మనసులో ఒక జాలి కదులుతుంది. తర్వాత తక్కెడ ముందు ఆమె కన్నీరు పెట్టుకున్నప్పుడు ఆ పాటే అతనికి గుర్తొస్తుంది. నాటకంలో పాట ఉండాల్సింది ఇలాగే. కథను ఆపి వినిపించే పాట వేరు, కథను మోసే పాట వేరు. ఇది రెండోది.

ఒకే పల్లవిని తిరిగి తిరిగి పాడుతూ, ప్రతిసారీ కొత్త అభినయం పట్టేవారాయన. తన పాత్రల అభినయాన్ని ‘నటస్థానం’లో రాసిపెట్టారు కూడా. 2015లో న్యూయార్క్‌లో ‘హామిల్టన్’ నాటకానికి కథ, మాట, పాట, సంగీతం అన్నీ సమకూర్చి, ప్రధాన పాత్ర కూడా ధరించిన లిన్ మాన్యుయెల్ మిరాండాను ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. పాత్ర ధరించేవాడే దాని పాట రాయడం తెనాలి రంగస్థలానికి ఏనాడో తెలిసిన విద్య.

నాటకం నుంచి తెర మీదికి

1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాగా వచ్చింది. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. కృష్ణుడు ఎన్.టి.రామారావు, సత్యభామ జమున. పాటల దగ్గరికి వచ్చేసరికి స్థానం వారి పాటను సినిమా వాళ్ళు వదులుకోలేకపోయారు. పి.సుశీల పాడారు. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు. ఆయన 1917లో విజయవాడకు దగ్గర్లోని వణుకూరులో పుట్టినవాడు. నాటకాల హార్మోనియం మీద చెయ్యి తిరిగినవాడు. రంగస్థలం పాట సినిమాలోకి వెళ్ళినా రంగస్థలం మనిషి చేతిలోనే పడింది. అందుకే అది చెడకుండా, తరాలు దాటి, ఇప్పటి ఆడపిల్లల నాట్య ప్రదర్శనల దాకా వచ్చింది.

కృష్ణా జిల్లా చౌటుపల్లిలో పుట్టిన ఘంటసాల పద్యానికి మరో దారి వేశారు. రాగం కుదించి, మాటను ముందుకు తెచ్చారు. కాటి సీనులో ఎంతసేపటికీ ముగియని ఆలాపన, వన్స్‌మోర్ కేకలు చూసి విసిగినవాళ్ళకు అది ఊరట. అయితే ఆ సుదీర్ఘ రాగంలో పండిన వరసలు తప్పుడు వరసలు కావు. రాత్రంతా మేలుకుని వినే జనం కోసం కట్టినవి అవి. రెండూ మన ఆస్తే.

మనం చేయాల్సిన పని

మరాఠీ వాళ్ళను చూడండి. 1911 నాటి ‘సంగీత మానాపమాన్’కు బాణీలు గోవిందరావు టెంబే కట్టారని, 1916 నాటి ‘స్వయంవర్’కు భాస్కర్‌బువా బఖలే కట్టారని వాళ్ళు ఇప్పటికీ పేరు పెట్టి చెప్పుకుంటారు. ఆ పాటలు పాడిన బాలగంధర్వుడికి ఎంత గౌరవమో, కట్టినవారికీ అంత గౌరవం. మనం గాయకుణ్ణి భుజాన ఎత్తుకున్నాం, కవికి గండపెండేరం తొడిగాం, మధ్యవాణ్ణి చీకట్లో వదిలేశాం.

ఇప్పటికీ మన చుట్టుపక్కల ఊళ్ళలో తిరునాళ్ళకు పద్యనాటకం పడుతోంది. కాంట్రాక్టు నాటకానికి నాలుగు ఊళ్ళ నటులు నాలుగు వరసలతో వస్తారు. రిహార్సల్ లేకుండానే అందరినీ ఒక్క శ్రుతిలో నడిపించేది హార్మోనిస్టే. ఏ నటుడు ఏ పద్యాన్ని ఎక్కడ విరుస్తాడో, ఆ విరుపు ఏ గురువు దగ్గర నుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. ఆ తెలివిడి పుస్తకాల్లో లేదు. ఆ వేళ్ళల్లో, ఆ చెవిలో ఉంది.

కరపత్రంలో హార్మోనియం వాయించేవారి పేరు వేస్తున్నాం, సంతోషం. ఆ వరస ఎవరి దగ్గర నేర్చారో కూడా వేద్దాం. ప్రతి చేతిలో ఫోను ఉన్న రోజులివి. వయసు మళ్ళిన హార్మోనిస్టును కూర్చోబెట్టి, ఒక్కో పద్యం వరసా దాని పుట్టుకా చెప్పించి రికార్డు చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు. పాపట్ల కాంతయ్య పేరు మీద మైలవరంలో ఏటా ఒక నాటక సంగీత సభ పెట్టడం జిల్లాకు భారం కాదు. కొత్తగా నాటకానికి పాటలు కట్టాలనుకునే పిల్లలకు అక్కడే పాఠం మొదలవుతుంది: సీను ఏమడుగుతోంది, పాత్ర ఏమనుకుంటోంది, గొంతు ఎక్కడ ఆగాలి. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగినవారి పేర్లు మనకు తెలియకపోతే, రేపు కొత్త నాటకం కట్టేటప్పుడు మళ్ళీ మొదటి అక్షరం నుంచి దిద్దుకోవాలి. ఇంత చరిత్ర ఉన్న నేల మీద ఆ అవసరం రాకూడదు.