చలికాలము – మేకలదొడ్డి పూర్వచరిత్ర

మాఘమాసమున మ్రాకులు సైతము వణకునని పెద్దలందురు. మ్రాకుల మాట యెట్లున్నను, అంతకు ముందే మేకపిల్లలు వణకుట పల్లెవారెల్లరు ఎరిగినదే. తొలకరి పచ్చికకు బలిసి చూలు కట్టిన మేక అయిదు నెలలకు, అనగా కార్తిక మార్గశిరములలో, ఈనును. తడి ఆరని పిల్ల భూమిపై పడునది సరిగా చలి ముదురు రాత్రులయందే. నాలుగు మేకలే ఆస్తిగా గల కుటుంబమునకు ఒక రాత్రి రెండు పిల్లలు చచ్చినచో ఆ యేటి రాబడి పోయినట్లే. కావున మేకకు గూడు కట్టుట యను చిన్నపనికి పెద్ద చరిత్రయే కలదు.

ఇరాను దేశపు జాగ్రోస్ కొండలలో గంజ్ దరే యను పాతయూరి దిబ్బ కలదు. అచ్చటి జనులు సుమారు 10,000 సంవత్సరముల క్రిందటనే మేకలను మచ్చిక చేసి పెంచిరని ఎముకల పరిశీలనవలన తేలినది. వారు ఎండబెట్టిన పచ్చి యిటుకలపై మేకల గిట్టల ముద్రలు నేటికిని నిలిచియున్నవి. ఇటుకలు ఆరబెట్టుచోటనే మేకలు తిరుగుచుండె నన్నమాట. సింధునదికి పడమట నున్న మెహర్‌గఢ్‌లో సుమారు 9,000 సంవత్సరముల నాటి సమాధులు కొన్నింటిలో మనుష్యుని చెంత మేకపిల్లలను కూడ పూడ్చిరి.

మేక చలికి ఓర్వలేని జంతువని స్పష్టముగా వ్రాసిపెట్టిన పాతవారిలో రోమను పండితుడు వర్రో ఒకడు. క్రీ. పూ. 37లో, ఎనుబదియేండ్ల వయస్సున, అతడు వ్యవసాయ గ్రంథమును రచించెను. మేకలశాల వాకిలి చలికాలపు సూర్యోదయ దిక్కునకు ఉండవలెననియు, క్రింద బురదయు తడియు కాకుండ రాయి గాని పెంకు గాని పరువవలెననియు అతని ఉపదేశము. మన పల్లెలలో ఉదయపుటెండ పడు తావున పాక వేయు ముసలివారు వర్రో పేరు విన్నవారు కారు. అనుభవమే ఉభయులకును గురువు.

మన తెలుగునేలపై పశువుల దొడ్డి ఎంత ప్రాచీనమో తెలుపు సాక్ష్యము పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో లభించినది. (ఆదిలాబాదు వైపు ఉట్నూరుతో దీనిని పొరబడరాదు.) కృష్ణా తుంగభద్రల పరిసరములందును, బళ్లారి సీమయందును బూడిదదిబ్బలు పెక్కు కలవు. బళ్లారి దగ్గరి కుడితిని దిబ్బను ప్రజలు హిడింబాసురుని చితాభస్మమని చెప్పుకొనిరి. ఆంగ్లేయులలో కొందరు లోహము కరగించిన కొలుములనిరి. అది కాలిన పేడయే యని బ్రూస్ ఫుట్ మున్నే ఊహించెను. దానిని 1960లో జాయినర్ ప్రకటించిన రసాయన పరీక్షలు రూఢిపరచెను. 1957లో ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను త్రవ్వగా, తాటిమొద్దులు నాటి కట్టిన దడి యొక్క గుంటలును, ఆ దడిలోపల పశువుల గిట్టల గుర్తులును బయల్పడినవి. నేటికి 4,000 సంవత్సరములకు పైబడిన కాలమున మన పూర్వులు రాత్రి మందను దడిలోనికి తోలి కాచుకొనిరి. దడి కాలిపోయినప్పుడెల్ల మరల కట్టిరి. ఆవులు ఎద్దులే అచ్చట ప్రధానమైనను, ఇట్టి దిబ్బలలో మేకల గొఱ్ఱెల ఎముకలును దొరకినవి.

ఆ పేడను ఏల కాల్చిరి? చలి కాచుటకే యని తోచవచ్చును గాని, ఆ ఊహ నిలువదు. పలుచోట్ల బూడిద కరగి గాజువలె గట్టిపడినది. అంతటి మంట చెంత ఏ పశువును నిలువజాలదు. ఏటేట వచ్చు పండుగలలో కాల్చియుందురని ఆల్చిన్ భావించెను. భోగిమంటలు ఎరిగిన తెలుగువారికి ఇది వింత కాదు.

దొడ్డిలోని మందకు తాటిదడి యుండెను. ఊరూర తిరుగు మందకో? గొల్లలు, కురుమలు మందను రైతు చేనిలో ఆపి, ఎరువునకు బదులు ధాన్యము పుచ్చుకొను ఆచారము చిరకాలముగా నున్నది. అట్టి బయలు రాత్రులలో కాపరికి నల్లగొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగడియే ఇల్లు. చింతగింజల గంజి పట్టించిన ఆ నేత వానను సైతము కొంత ఆపును. అందు మడచుకొని పసిపిల్లను మోయుటయు కలదు. మేకకు అట్టి ఉన్ని లేదు. లడఖులోని చాంగ్‌థాంగ్ మేకకు మాత్రము వెండ్రుకల క్రింద మెత్తని నూగు శీతకాలమున మొలచును. అదియే పశ్మీనా. 1684 నాటి తింగ్‌మోస్‌గాంగ్ సంధిలో ఆ నూగు వర్తకమునకై ప్రత్యేక నిబంధనలే వ్రాసికొనిరి. మన మేకకు ప్రకృతి ఆ లోదుస్తు నొసగలేదు. యజమానుడే ఆ లోటు తీర్పవలెను.

అయితే తీర్చు విధమున పొరపాటులు కలవు. పొడి చలికి మేక కొంత ఓర్చును. తడిసి గాలిలో నిలిచినచో ఓర్వజాలదు. పెద్దమేక పొట్టలో మేత పులియుచు వేడి పుట్టించును. అందుచే సాయంకాలము చొప్ప గాని ఎండుటాకు గాని కడుపునిండ పెట్టుట దుప్పటితో సమానము. పసిపిల్లకు ఆ పొయ్యి యింకను వెలుగలేదు. పుట్టునప్పుడు మూత్రపిండముల చుట్టు నున్న కొద్దిపాటి గోధుమవర్ణపు కొవ్వే దానికి కట్టెలు. అవి త్వరలోనే తీరిపోవును. తరువాతి వేడి ముర్రుపాలనుండియే రావలెను. కనుక ఈనినవెంటనే పిల్లను గోనెతో తుడిచి, ఒకటి రెండు గంటలలోపల ముర్రు త్రాగింపవలెను. మాయ పడువరకు పాలు పట్టరాదని కొందరు ఆపుట మిక్కిలి ప్రమాదకరము.

మరియొక పొరపాటు, చలికి వెరచి పాకను నలువైపుల మూసివేయుట. మూత్రపు ఘాటు లోపలనే నిలిచి ఊపిరితిత్తులను చెరచును. తెల్లవారునప్పటికి మంద దగ్గుచుండును. మేక పడుకొనునంత యెత్తువరకు గోడ గాని తడిక గాని యుండి, చూరుక్రింద గాలి పోవు సందు వదలిన పాకయే మేలు. నేల ఎత్తుగా నుండవలెను. నీరు నిలుచు చోట్ల సందులు గల చెక్కమంచె వేయుదురు. పెంటిక క్రిందికి రాలి పడక పొడిగా నుండును.

పిల్లలకు వేరు ఏర్పాటు. పల్లెలలో వెదురు గంప బోర్లించి, లోపల ఎండుగడ్డి పరచి, పైన రాయి పెట్టుట పాత పద్ధతి. రెండు మూడు పిల్లలు ఒకదానినొకటి ఒరసికొని పండుకొని, ఊపిరివెచ్చతో గంపను వెచ్చజేయును. అల్లిక సందులనుండి గాలియు ఆడును. తెల్లవారగనే రాయి తీసి గంప ఎత్తినచో, పిల్లలు గెంతుచు తల్లి పొదుగునకు పరుగిడును.